కుండల్వాడి రానిది

లైసెన్సు తాళం ఇరవై అయిదు అక్షరాలు,
నడుమ నాలుగు అడ్డగీతలు.
ధర్మాబాదు సహకార బ్యాంకు వెనక గదిలో
సర్వరు ముందర కూచుని ఒక్కొక్కటే కొడుతున్నాను.
ఇవాళ మిర్చి యార్డులో వేలం.
కిటికీ మూసినా ఘాటు ఆగలేదు,
తుమ్మొచ్చి పదిహేడో అక్షరం తప్పు పడింది.
చెల్లదు, అంది తెర.

మళ్ళీ మొదట్నించి.

సీట్లు అయిదే.
బొటనవేలి దగ్గర మొదలుపెట్టి
మేనేజరు నలుగురి పేర్లు చెప్పాడు.
చిటికెనవేలి దగ్గర కాసేపు ఆగి
తన బావమరిది పేరు చెప్పాడు.
"మరి భోజన్న?"
"రెండు నెలల్లో రిటైరు. సీటు ఊరికే పోతుంది."
అన్నది మరాఠీలో,
నాకు తగిలింది తెలుగులో.

భోజన్న యెన్నంవార్. ఇరవై రెండేళ్ళుగా రాత్రి మనిషి.
అందరూ షట్టరు దించి పోయాక
రోజు మూసి, వడ్డీ వేసి,
బ్యాకప్పు టేపు లోపలి జేబులో పెట్టుకొని
పాలబండ్లకు ఎదురుగా ఇల్లు చేరేవాడు.
ఏ పని తర్వాత ఏ పనో
ఆయన రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు.

"2-17. వడ్డీ ఆగింది. చాయ తాగిన. మళ్ళ నడిపిన."
"కరెంటు పోయింది. వచ్చింది. మొదటికి."
"తప్పు నాదే. ఎవరికి చెప్పలె."

ఈ చివరిది నేనూ ఎక్కడా ఎక్కించలేదు.

ప్రతి పేజీ అడుగున, కింద గీత కొట్టి, ఒకటే మాట:
కుండల్వాడి రానిది రోజు మూయొద్దు.

"అదేంది?"
"కుండల్వాడి బ్రాంచి. లైను కుంటుతది.
వాళ్ళ లెక్క వచ్చేదాక ఆగాలె.
ఒక్కపాలి ఆగలె నేను. నిద్రొచ్చింది.
తెల్లారి ఒక ముసలామె పాసుబుక్కుల
పత్తి పైసలు లేవు.
పొద్దుగూకేదాక గా గేటు కాడనే కూసున్నది.
ఏమనలె. కూసున్నది, అంతే."

పని ముప్పై రెండు. దేని కోసం ఆగాలి: పని ముప్పై ఒకటి.
ఎంతసేపు? గడిలో అంకె అడిగింది.
ఖాళీగా వదిలేశాను.

మొత్తం నలభై ఒక్క పనులు,
అన్నీ ఆయన పేరు మీదే నడుస్తున్నాయి.
ఆయన ఖాతా మూసిన రాత్రే అన్నీ కూలతాయి.
కాబట్టి మనిషి కాని ఒక పేరును పుట్టించాను.
దానికి జీతం లేదు, నిద్ర లేదు, రిటైరవదు.
ఒక్కో పనికీ యజమానిని మారుస్తుంటే
పక్కన నిలబడి ఇరవై దాకా లెక్కపెట్టి
ఆయన బయటికి పోయాడు.

నడపడం, ఆపడం, మార్చడం, చూడడం.
చూడడానికి సీటు అక్కర్లేదని
మాన్యువల్లో చీమతలంత అక్షరాల్లో ఉంది.
ఆ గడిలో టిక్కు పెట్టాను.
మేనేజరు అడగలేదు, నేను చెప్పలేదు.

ఇంటిపేరుకు ఆరు ఇంగ్లీషు అక్షరాలే చోటు.
యెన్నం దగ్గరే నిండింది,
వార్ బయట పడింది.
భోజన్న కళ్ళజోడు ఎత్తి చూసి నవ్వాడు.
"మా తాతను బడిల ఏసిన్నాడు
మాస్తరు తగిలించిండు గా తోకను.
నీ మిషను ఊడగొట్టింది.
ఇన్నేండ్లు కిరాయి కట్టకుంటనే ఉన్నది."

రాత్రి లాడ్జిలో ఫ్యాను చప్పుడు, దోమలు.
పొద్దున్న రైలు దాకా ఇక్కడే.
రెండూ పదిహేడుకు ఫోను మోగింది.

"మనుమని ఫోన్ల చూస్తున్న.
ముప్పై రెండు పసుపుపచ్చగున్నది. ఏందది?"
"ఆగుతోంది."
"ఎవలి కోసం?"
"కుండల్వాడి."

అవతల మంచం కిర్రుమంది.
దగ్గు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"ఆగేటప్పుడు," అన్నాడు భోజన్న,
"చాయ తాగుతదా?"